మా ఆగు బాబాయి

కొంప మునిగే పని ఏదైనా సరే, అది మునగడానికి కాస్త ముందే ఆపేయడం మా బాబాయి అలవాటు. ఆ కాస్త ఎంతో ఆయనకీ తెలియదు. పాలు పొంగుతాయని గోరువెచ్చగా ఉండగానే స్టవ్ కట్టేస్తాడు. మబ్బు జాడ లేకపోయినా ఆరేసిన తడిబట్టలు లోపల పడేస్తాడు. కథ చెబితే దొంగ దొరక్కముందే ఆపేసి, "దొరికాక ఏముంది, గొడవేగా!" అంటాడు.

"నేను నోరు తెరవకముందే 'ఆగు' అంటారే మీ బాబాయి! నా కోపమంతా ఎక్కడ దాచుకోను?" అని పిన్ని నాతో మొత్తుకుంటుంది.

బాబాయి ఆసుపత్రులకు మందు ఎక్కించే యంత్రాలు తయారుచేసే చోట సర్క్యూట్లు గీస్తాడు. నా చదువు మధ్యలో ఆగిపోతే తన పక్క బల్ల దగ్గరే సోల్డరింగ్ పనికి కూర్చోబెట్టాడు. అక్కడా ఆయన పేరు 'ఆగు బాబాయే'.

ఆ యంత్రం 3.3 వోల్టుల మీద నడుస్తుంది. వోల్టేజి బాగా పడిపోతే ప్రాసెసర్‌కి మతి పోతుంది. చుక్క ఎక్కించాల్సిన చోట చెంబెడు ఎక్కించినా దిక్కులేదు. అందుకని మూడు కాళ్ల కాపలా చిప్పు ఒకటి పెడతారు. వోల్టేజి ఆ చిప్పుకి పెట్టిన గీత దాటి కిందికి దిగగానే అది ప్రాసెసర్‌ని ఆపేస్తుంది. సరఫరా కుదురుకున్నాక కూడా ఓ క్షణం ఆగి అప్పుడు వదులుతుంది. అచ్చం మూడు కాళ్ల బాబాయి!

ప్రాసెసర్ 2.7 దాకా బుద్ధిగానే ఉంటుంది. దొరికే చిప్పుల గీతలు 2.63, 2.93, 3.08. బాబాయి ఏది ఎంచుకున్నాడో వేరే చెప్పాలా?

యజమాని ముందు పరీక్ష జరిగిన రోజు, మోటారు కదలగానే యంత్రం ఆగింది. మళ్లీ మొదలైంది. మళ్లీ మోటారు కదిలింది, మళ్లీ ఆగింది.

"ఈ అమ్మాయి సోల్డరింగే బాగాలేదు. రేపట్నుంచి ప్యాకింగ్‌కి పంపేద్దాం," అన్నాడు యజమాని.

కారణం నాకు తెలుసు. కానీ అందరూ నా వైపే చూస్తుంటే తలొంచుకుని సోల్డరింగ్ కడ్డీ తుడుస్తూ కూర్చున్నాను.

"ఏమ్మా, మాట్లాడవేం? తప్పు నీదేనా? చెప్పు!"

"ఆగండి," అన్నాడు బాబాయి. యజమాని కదా, 'అండి' చేర్చాడు. "సరఫరా కుదురుకోనివ్వండి. ఓ క్షణం."

ఆ క్షణంలో నాకు ఊపిరి అందింది.

"మోటారు లేవగానే వోల్టేజి 3.05కి దిగి మళ్లీ లేస్తోంది సార్. గీత 3.08 దగ్గరుంది కాబట్టి చిప్పు ఊరికే కంగారుపడుతోంది. నా అతుకులు గట్టివే. 2.63 పెడితే మతి పోయాక గానీ కేక వెయ్యదు. 2.93 అయితే సరిపోతుంది."

"ఆ గీత ఎంచింది నేనే. భయంతో మరీ పైన పెట్టాను," అంటూ బాబాయి చొక్కా జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. 2.93 చిప్పులు!

"నీకు ముందే తెలుసా బాబాయ్?"

"నిన్న నువ్వు వోల్టేజి గీసి చూపే స్కోపు తెర చూస్తూ గొణుక్కుంటుంటే విన్నాలే. నేను చెబితే నా మాటైపోతుంది కదా తల్లీ. అందుకే ఆగాను."

చిప్పు మార్చాను. మోటారు తిరుగుతూనే ఉంది. నా నోరూ అంతే. కిర్రుమనే ఫ్యాను, కుంటి స్టూలు, నా బల్ల మీద చాలని వెలుతురు... అన్నీ యజమానికి ఏకరువు పెట్టాను. బాబాయి ఒక్కసారి కూడా 'ఆగు' అనలేదు.

ఇంటికొచ్చాక పొయ్యి పక్కన నిలబడి పిన్నికి నా ఘనకార్యం చెప్పడం మొదలుపెట్టాడు. ఈసారి కథ చివరిదాకా చెప్పాడు. వెనకాల పాలు బుసబుసా పొంగి స్టవ్ ఆరిపోయింది.

"ఇవాళ గీత ఎక్కడ పెట్టారండీ?" అంది పిన్ని.