ఎస్సై కారులో రేడియో

కారు రేడియో మొరాయిస్తే జగిత్యాల మెకానిక్ దాకా పోవాల్సిన పనిలేదని మా కోరుట్ల టాక్సీ అడ్డాలో మొదట కనిపెట్టింది నేనే. అసలు పలకకపోతే ముందు ఫ్యూజ్ చూడాలి. పలికి పలికి ఆగిపోతుంటే ఎర్త్ వైరు వదులైందని అర్థం, తుప్పు గీకి మళ్లీ బిగిస్తే సరి. వట్టి బుస్సుమనే చప్పుడే వస్తే ఏరియల్ వైరు ఊడి ఉంటుంది. ఈ మూడు ముక్కలు తెలిసినందుకే నా అంబాసిడర్ పక్కన ఎప్పుడూ ఎవరో ఒక డ్రైవరు నిలబడి ఉండేవాడు. నాకూ అది బాగానే ఉండేది. పొగిడితే పొంగిపోయే రకం నేను.

అవి నక్సలైట్ల రోజులు. పొద్దున పోలీసులు, మాపటికి అన్నలు. ఎవరు చెయ్యెత్తినా కారు ఆపాలి, ఎవరు ఎక్కారని ఎవరడిగినా తెలియదనాలి. డ్రైవర్లందరికీ కంఠతా వచ్చిన పాఠం అది.

ఒకరోజు రోడ్డు పక్కనున్న ఒక ఠాణా ఎస్సై కబురంపాడు. ఆయన సొంత కారులో రేడియో పలకడం లేదట. రానంటే కుదరదు. ఠాణా ముందు, బస్సులు ఆగే చోట, పట్టపగలు డాష్‌బోర్డు కింద తల దూర్చి గంటసేపు పడుకున్నాను. ఎర్త్ వైరే. బిగించి లేచేసరికి కానిస్టేబుల్ చాయ్ తెచ్చాడు. వద్దంటే బాగుండదని ఎస్సై పక్కనే కుర్చీలో కూర్చుని తాగాను. బస్సు కిటికీల్లోంచి ఎంతమంది చూశారో. ఆ చాయే నా కొంప ముంచింది.

వారం తిరక్కుండానే, సిరిసిల్లలో గిరాకీని దింపి ఖాళీగా వస్తుంటే, కథలాపూర్ ఇంకా రాకముందు ఇద్దరు చెయ్యెత్తారు. ఒకడి భుజాన తుపాకీ. కారును మక్క చేను పక్కకు తీయించారు.

"పోలీసోని కార్ల ఏం బిగించినవ్? వైర్‌లెస్సా?" అన్నాడు తుపాకీ ఉన్నవాడు.

రేడియో బాగుచేశానంతే అన్నాను. ఒట్టేస్తే నమ్మే మనుషులు కారు. నా రేడియోనే ఊడదీసి, ఎర్త్ వైరు తీసి, మళ్లీ పెట్టి, చేసిన పని చేసినట్టు చూపించాను. స్క్రూ రెండుసార్లు గడ్డిలో పడితే వెతికి తీశాను. చివరికి ధాన్యం ధరలు చెప్పే గొంతు వినిపించింది. బతికిపోయాననుకున్నాను.

రెండోవాడు నెమ్మదిగా అన్నాడు. "పని మంచిగనే అస్తది నీకు. గా ఎస్సై మల్ల పిలుస్తడు, పో. గాయిన ఎప్పుడు యాడికి పోతున్నడో చూసచ్చి మాకు చెప్పాలె."

చెబితే పోలీసులు బతకనివ్వరు, చెప్పకపోతే వీళ్లు బతకనివ్వరు. దారి పొడవునా ఏడ్చాను. భయం కన్నా నా మీద నాకు కోపమే ఎక్కువ.

ఇల్లు చేరకముందే కారాపి రేడియో వైర్లు పీకేశాను. నాలుగు రోజులకు, రేడియో మళ్లీ ఆగిపోయిందని ఎస్సై కబురు రానే వచ్చింది. ఠాణాకు పోయి, నాకు ఆ పని రాదని, మొన్న ఏదో కదిలిస్తే పలికిందని చెప్పాను. ఆయన నమ్మలేదు. నా కారెక్కి మీట తిప్పాడు. చప్పుడు లేదు. సొంత రేడియోకే దిక్కులేదని నవ్వాడు. కానిస్టేబుళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట అడ్డాకూ చేరింది, నా పని తెలిసిన డ్రైవర్లు సంగతి ఊహించి తెలియనట్టే ఉండిపోయారు. అన్నలకూ చేరింది, ఎస్సై ఇక పిలవడని వాళ్లకూ నాతో పని లేకపోయింది. మళ్లీ ఎవరూ నన్ను పిలవలేదు.

కానీ అందరి కళ్లూ నా కారు మీదే ఉన్నట్టుండేది. పాటలు పెట్టమనే పెండ్లివారికి పాడైందని చెప్పేవాణ్ని. నిమిషంలో అయ్యే పని చేతగానట్టు ఏళ్లకేళ్లు నటించడం ఊపిరి సలపనిచ్చేది కాదు. ఎస్సై బదిలీ అయి పోయాడు. ఆ ఇద్దరూ ఎన్‌కౌంటర్‌లో పోయారని విన్నాను. అయినా ఆ వైర్ల మీదికి నా చెయ్యి పోలేదు.

చివరికి కారు అమ్మేశాను. కొన్న రాయికల్ మనిషి నా ఎదుటే డాష్‌బోర్డు కింద చెయ్యిపెట్టి వైర్లు కలిపాడు. పాట మొదలైంది.

"గింత పనికి గిన్నేండ్లు ఊకున్నవా అన్నా?"

"నాకేం ఎరుక తమ్మీ, నాకు రాదు గా పని," అన్నాను.

ఆ అబద్ధం ఎవరికి భయపడి మొదలుపెట్టానో, వాళ్లెవరూ అప్పటికి మిగల్లేదు.