మరియమ్మ పేరున దయామణి కొలువు

నరసరావుపేట పొలిమేరలోని స్పిన్నింగ్ మిల్లులో దయామణి పత్తిలో చెత్త ఏరుతుంది. పధ్నాలుగేళ్లుగా అదే పని. మిల్లు రిజిస్టర్లో మాత్రం ఆ పేరే లేదు. ఉన్నది ఆమె అత్త మరియమ్మ పేరు.

ఇందులో మోసమేమీ లేదు, ఇక్కడి అలవాటే అంత. అత్తకు నడుము పడిపోతే కోడలొచ్చి ఆ చోట కూర్చుంటుంది. పేరు మార్చమని ఎవరూ అడగరు, మార్చాలని ఎవరికీ తోచదు. దయామణి చేరిన మూడేళ్లకు మరియమ్మ కన్నుమూసింది. రిజిస్టర్లో మాత్రం నిక్షేపంగా డ్యూటీకి వస్తూనే ఉంది.

2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పనిచేసే ప్రతి మనిషికీ నియామక పత్రం ఇచ్చి తీరాలని, నలభై దాటినవాళ్లకు ఏడాదికోసారి ఉచితంగా వైద్య పరీక్షలు చేయించాలని ఆడిటర్ చెప్పేసరికి యజమాని శ్రీహరి కంగారుపడ్డాడు. మనిషి చెడ్డవాడు కాదు, కాగితమంటే బద్ధకం, అంతే. గుమాస్తా చేత రిజిస్టర్ చూసి పత్రాలన్నీ ఒక్కరోజులో టైపు చేయించి పంచేశాడు. దయామణికి అందిన పత్రం మరియమ్మ పేరున ఉంది.

ఆమె దాన్ని పట్టుకుని ఆఫీసు గదికి వెళ్లింది. శ్రీహరి నాలుక్కరుచుకుని, దానికేముంది, పేరు మార్పిస్తానన్నాడు. చేరిన తేదీ మాత్రం ఈవేళ్టిదే వేయాలన్నాడు. పాత ఏళ్లన్నీ రికార్డులో మరియమ్మవే కదా అన్నాడు.

దయామణి ఒప్పుకోలేదు. మిల్లు మానేసేనాడు గ్రాట్యుటీ లెక్కకట్టేది చేరిన తేదీ నుంచేనని కూతురు కీర్తన అంతకుముందే ఫోనులో చూసి చెప్పింది. ఆ డబ్బు సంగతి అలా ఉంచినా, అన్నేళ్లూ దూదిపొట్టు పీల్చింది తను. అవి పోతే అన్నాళ్లూ తను లేనట్టే కదా అనిపించింది.

"బాబూ, మా అత్త పోయి పదకొండేళ్లయింది. పేటంతా వచ్చి మట్టేశారు. ఇప్పుడా ఏళ్లన్నీ ఆమెవే అంటే, చచ్చిపోయినామె వచ్చి మీ మిల్లులో పత్తి ఏరిందని మీరే రాసిచ్చినట్టు. రేపు ఆఫీసరొచ్చి ఇదేందని అడిగితే ఏం చెబుతారు?"

గుమాస్తా నవ్వబోయి ఆపుకున్నాడు. శ్రీహరి ఆడిటర్‌కు ఫోన్ చేశాడు. అవతల ఏం తిట్టాడో గానీ, ఫోన్ పెట్టేసి, ఎప్పుడు చేరావమ్మా అని మెత్తగా అడిగాడు. 2012లో శివరాత్రి నాటి కోటప్పకొండ తిరునాళ్ల వెళ్లాక వచ్చిన సోమవారం అని ఆమె తడుముకోకుండా చెప్పింది. గుమాస్తా క్యాలెండర్ వెతికి ఆ తేదీయే వేశాడు.

కొత్త పత్రంలో తన పేరు రెండుసార్లు చదువుకుని దయామణి పెన్ను అందుకుంది. నెలనెలా జీతం తీసుకుంటూ పధ్నాలుగేళ్లు పెట్టిన సంతకం, చెయ్యి ఆగలేదు. పెట్టేసి చూసుకుంటే మరియమ్మ అని ఉంది.

గుమాస్తా విసుక్కుంటూ ఇంకో ప్రతి తీయడానికి లేచాడు. అతను వచ్చేలోగా దయామణి ఒక చిత్తు కాగితం తీసుకుని, తన పేరు రాయడం మొదలుపెట్టింది.