ఇంగ్లీషులో సంగటి కెలికిన వైనం

ఆ రోజుల్లో మా ఆళ్లగడ్డలో ఇంగ్లీషు వచ్చినవాడికి ఉన్న మర్యాద వానకు కూడా ఉండేది కాదు. (నల్లరేగడిలో పుట్టినవాణ్ని, మాట కూడా కాస్త ఏపుగానే పెరుగుతుంది, సర్దుకోండి.) డిగ్రీ అయ్యాక నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీ నుంచి నాకు ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఆ ఉద్యోగం రాకపోతే మా మామ పిండిగిర్నీలో కూర్చుని బతుకంతా తెల్లగా తుమ్ముకోవాలి. మా అక్క మొగుణ్ని అందరం ఇంగ్లీషు బావ అనేవాళ్లం. బస్సెక్కే ముందు ఆయన నా భుజం పట్టుకుని, "రేయ్, ఊరికే యెస్సు, నో అంటే ఎవుడూ లెక్కపెట్టడు. ఇడియమ్ వాడల్ల. ఇంట్లో ఏం చేస్తావని అడుగుతారు. స్టిర్ ది పాట్ అను. కుండ కెలికేదని. అమ్మకు సాయం చేసే పిల్లోడని మెచ్చుకుంటారు" అన్నాడు. రోజూ రాగిసంగటి కెలికేది నేనే కాబట్టి నాకూ నచ్చింది. (పచ్చగా ఉన్నచోట కావాలని తగువు రేపడాన్ని ఇంగ్లీషువాళ్లు అలా అంటారని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.) దారి పొడుగునా ఆ మాట వల్లెవేస్తుంటే, పక్క సీటు పెద్దాయన ఏదో మంత్రమనుకుని చెంపలేసుకున్నాడు.

నంద్యాల మేనేజరు బొజ్జ మనిషి. అడగనే అడిగాడు, నేను చెప్పనే చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టి తెలుగులోకి దిగాడు.

"ఎవురింట్లో?"

"మా ఇంట్లోనే సార్. దినామూ."

"మీ అమ్మ ఏమీ అనదా?"

"ఆమే నేర్పించింది సార్. ఆమెకు చేతులు నొప్పి పుడితే నేను అందుకుంటా. బంధువులొస్తే ఇంగా పెద్దగా పెడతాం."

"తెలుగులో చెప్పప్పా. ఏం చేస్తాండావు నువ్వు?"

"కెలుకుతాండా సార్."

"ఎవుర్ని?"

"సంగటిని సార్."

ముందు ఆయన బొజ్జ కదిలింది, తర్వాత నవ్వు బయటికొచ్చింది. కళ్లు తుడుచుకుంటూ ఆ మాటకు అసలు అర్థం చెప్పాడు. నా చెవుల్లో గిర్నీ మోత మొదలైంది. లేచి నిలబడ్డాను.

"కూచో. విత్తనం మొలవలేదని రైతులు కొట్లాటకొస్తాంటారు. వాళ్ల పక్కన కూచుని మాట్లాడేటోడు కావల్ల నాకు. కొట్లాట పెట్టేటోడివనుకుంటి, సంగటి పెట్టేటోడివంట. సోమవారం నుంచి రా."

గడివేముల, ఆత్మకూరు పొలాల గట్ల మీద తిట్లు తింటూ నా జుట్టు నెరిసింది. ఇప్పుడు ఆ మేనేజరు కుర్చీలో కూర్చుని నేనే ఇంటర్వ్యూలు చేస్తున్నాను. ఆళ్లగడ్డ నుంచి వచ్చే పిల్లలు తప్పన్నది లేకుండా ఇంగ్లీషు మాట్లాడతారు. అడిగినదానికి జవాబు చెప్పి, థాంక్యూ అని లేస్తారు. సంతోషమే. కానీ ఒక్కరి ఇంట్లోనైనా ఏం వండుకుంటారో నాకు తెలియకుండానే మధ్యాహ్నమైపోతుంది.