కోట్లమ్మ ఎనిమిది వందల కోట్లు

ఆమెకు ఆ పేరు పెట్టింది కింది వాటాలో ఇస్త్రీ చేసే పెద్దాయన. వీధులు ఊడ్చేవాళ్లకు రెయిన్ కోట్లు కుట్టే పని నగరపాలక సంస్థ ఆమెకే ఇచ్చిందని తెలిసిన రోజు, మెట్లెక్కి వస్తున్న ఆమెను ఆపి, "ఏమ్మా, ఎనిమిది వందల కోట్లటగా! ఇక మాలాంటివాళ్లు మీ కంటికి ఆనతారా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. సాయంత్రానికల్లా వీధంతా ఆమెను కోట్లమ్మ అనడం మొదలుపెట్టింది. ఆమె కూడా నవ్వింది. అప్పటికింకా నవ్వగలిగింది.

ఆమెకు నలభై ఆరేళ్లు. రెండో అంతస్తు మీద ఒక రేకుల షెడ్డు, అందులో ఆరు కుట్టు మిషన్లు, ఒక పొడవాటి కటింగు బల్ల. భర్త గుడ్డ కత్తిరిస్తాడు. ఆమె, మరో నలుగురు ఆడవాళ్లు కుడతారు. బడి సంచులు, బండ్ల మీద కప్పే కవర్లు, వానాకాలానికి ముందు రెయిన్ కోట్లు. సీజను వస్తే కొట్లవాళ్లు ప్రాణాలు తోడేసేవాళ్లు. సీజను పోతే మొహం చాటేసేవాళ్లు. అమ్ముడుపోని సరుకు తెచ్చి మెట్ల మీద పడేసి, కనీసం పైకి వచ్చి చెప్పకుండానే పోయేవాళ్లు. "ఒక్క గవర్నమెంటు ఆర్డరు దొరికితే చాలు, మళ్లీ వీళ్ల గడప తొక్కను" అని ఆమె ఎన్నిసార్లు అనుకుందో.

దొరకడం అంత తేలిగ్గా జరగలేదు. మొదటిసారి టెండరు వేసినప్పుడు ప్రతి పేజీ మీదా సంతకం పెట్టాలని ఆమెకు తెలియదు. చివరి పేజీలో ఒక్కటి పెట్టి ఊరుకుంది. కవర్లు విప్పే గదిలో ఇరవై మంది వ్యాపారుల ముందు గుమస్తా ఆమె కాగితాలు పైకెత్తి చూపించి, "ఇది చెల్లదు" అని పక్కన పడేశాడు. రెండోసారి అర్హత కాగితాలు ఒక కవరులో, ధర వేరే కవరులో పెట్టమంటే, కంగారులో రెండూ ఒకదాంట్లోనే పెట్టి సీలు వేసేసింది. అదీ చెల్లలేదు. "విప్పి మళ్లీ కుట్టుకోవడానికి ఇదేమన్నా జాకెట్టా అమ్మా?" అన్నాడు పక్కన కూర్చున్న ఒక పెద్ద కాంట్రాక్టరు. ఆ రోజు బస్సులో ఇంటిదాకా ఆమె తలెత్తలేదు.

కొనుగోళ్ల విభాగంలో ఒక అధికారిణి ఉండేది. కళ్లజోడు తల మీదకు నెట్టుకుని, అది ఎక్కడుందా అని బల్లంతా వెతుక్కునే మనిషి. నెలకోసారి, మొదటి బుధవారం, చిన్న వ్యాపారులను కూర్చోబెట్టి టెండరు వేయడం ఎలాగో చెప్పేది. "పెద్దవాళ్లకు లాయర్లున్నారు. మీకు నేనున్నాను" అనేది. కోట్లమ్మ వరసగా నాలుగు బుధవారాలు వెళ్లింది. చిన్న పరిశ్రమగా పేరు నమోదు చేయించుకుంటే డిపాజిట్టు తగ్గుతుందని అక్కడే తెలిసింది. పోయినేడు ఏ ధరకు ఎవరికి పని దక్కిందో అడిగితే ఎవరికైనా చూపిస్తారనీ, టెండరుకు ముందు జరిగే మీటింగులో అనుమానాలుంటే నోరు తెరిచి అడగాలనీ తెలిసింది.

అందుకే ఆ ఏడాది మీటింగులో లేచి నిలబడింది. మూడేళ్లు గవర్నమెంటుకు సరుకు ఇచ్చిన అనుభవం ఉన్నవాళ్లే రావాలని కాగితంలో ఉంది. "ఇంతకు ముందు ఇచ్చినవాళ్లే ఇవ్వాలంటే, మొదటిసారి ఇచ్చేదెవరు మేడమ్?" అని అడిగింది. గది ఘొల్లుమంది. అధికారిణి మాత్రం నవ్వలేదు, రాసుకుంది. పై వాళ్లతో వాదించి ఆ షరతు మార్పించింది. కొట్లకు ఇచ్చిన సరుకునూ అనుభవంగా లెక్కపెడతామని వారంలో కొత్త ప్రకటన వచ్చింది.

ఇక మిగిలింది నమూనా. కోటును కొయ్యబొమ్మకు తొడిగి, లోపల కాగితాలు చుట్టి, గంటసేపు పైనుంచి నీళ్లు వదులుతారు. కాగితం తడవకూడదు. గుడ్డ ఎంత మంచిదైనా సూది గుచ్చిన ప్రతిచోటా రంధ్రం ఉంటుంది, నీళ్లు అక్కడే దిగుతాయి. కుట్టు మీద లోపలివైపు వేడి మిషనుతో టేపు అతికిస్తేనే ఆగుతాయి. అది ఆమె దగ్గర లేదు. టెంట్లు కుట్టే మరిది దగ్గర ఉంది. "నీ కోటు నా టెంటు కంటే గట్టిగా ఉండాలి వదినా, లేకపోతే మా అన్న నన్ను బతకనివ్వడు" అంటూ మరిది నమూనాకు టేపు వేసి ఇచ్చాడు. గంట తర్వాత కాగితం తీసి చూస్తే పొడిగా గరగరలాడింది. ధరలో కూడా ఆమెదే తక్కువ. పని ఆమెకే దక్కింది.

నలుగురు ఆడవాళ్లతో పాటు ఆమె కూడా నడుము విరిగేలా కుట్టింది. కుట్టడం అనుకున్న వేళకే అయింది. టేపు వేయడానికి మరిది దగ్గరకు పంపితే, పది కోట్లు అయ్యేసరికి ఆ మిషను రోలరు కాలిపోయింది. కొత్తది రావడానికి నెల పడుతుందన్నారు. సరుకు అప్పజెప్పాల్సిన గడువుకు మిగిలింది పన్నెండు రోజులే.

"ఇబ్బంది వస్తే ముందే రాయండి, గడువు పెంచుతాం" అని అధికారిణి బుధవారాల్లో వందసార్లు చెప్పింది. కోట్లమ్మ కాగితం ముందు పెట్టుకుంది కూడా. కానీ మొదటి ఆర్డరు, తన మాట మీద షరతు మార్చి మరీ ఇచ్చారు. అప్పుడే నా వల్ల కాలేదని రాయడమా? ఆ గదిలో నవ్వినవాళ్లు ఇంకెంత నవ్వుతారు? కాగితం మడిచి బల్ల సొరుగులో పెట్టేసింది.

"కుట్ల మీద గమ్ము పూసేద్దాం. అదీ ఆపుతుంది" అన్నాడు భర్త.

"ఆపుతుందంటారా?"

"ఒకటి పూసి చూడు."

ఆమె ఒక కోటుకు గమ్ము పూసి, ఆరాక తనే తొడుక్కుని స్నానాలగదిలో షవరు కింద నిలబడింది. పది నిమిషాలు గడిచాయో లేదో భుజం మీద సన్నగా చల్లగా తగిలింది. తర్వాత వీపు మధ్యలో. కోటు విప్పి, భుజం తువ్వాలుతో తుడుచుకుని బయటకు వచ్చింది.

"ఆగిందా?" అని అడిగాడు భర్త.

"ఆగింది" అంది.

అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో తనకే తెలియదని ఆమె తర్వాత చెప్పేది. అంతటితో ఆగలేదు. మరిది టేపు వేసిన పది కోట్లను కట్టగా కట్టి, అన్ని కట్టల మీదా అదే పైన ఉండేలా తన చేత్తోనే సర్దింది. గిడ్డంగి గుమస్తా పై కట్ట విప్పి ఒక కోటు తిప్పి చూశాడు. కుట్ల మీద వేలు పెట్టి రుద్దాడు. "బాగుందమ్మా" అని సంతకం పెట్టాడు.

వానలు మొదలయ్యాయి.

వాళ్ల వీధి ఊడ్చే ఆమెను అందరూ పిన్ని అంటారు. యాభై దాటిన మనిషి, గట్టి గొంతు. ఒకరోజు పొద్దున జోరువానలో కోట్లమ్మ పాల కోసం గొడుగు వేసుకుని దిగితే, పిన్ని చీపురు గోడకు ఆనించి చేతులు రెండూ చాచి కోటు చూపించింది.

"ఏమ్మాయ్, ఎలా ఉన్నాను? నువ్వు కుట్టినదే. మా వాళ్లందరికీ చెప్పాను, మా వీధి అమ్మాయి కుట్టిందని."

"తడవడం లేదు కదా పిన్నీ?" అంది కోట్లమ్మ.

"లేదమ్మా. నాకే చెమటెక్కువ. లోపలంతా చెమ్మగా ఉంటుంది. ఈ వయసులో ఇంత చెమట ఏంటో మరి." పిన్ని తన భుజం తడుముకుని నవ్వింది. "కొందరు కోటు కారుతోందని గొణుగుతున్నారు. నేనే కసిరాను. గుండీలు సరిగ్గా పెట్టుకోవడం చేతకాదు కానీ కోటుకు వంకలా అని."

పాలు తీసుకోకుండానే కోట్లమ్మ మెట్లెక్కేసింది. ఆ రోజు నుంచి పిన్ని వీధిలో ఉండే వేళకు కిందికి దిగడం మానేసింది. తప్పనిసరై వెళ్లాల్సి వస్తే వెనక సందులోంచి, చెత్త తొట్ల పక్కనుంచి తిరిగి వెళ్లేది. రేకుల మీద వాన పడితే చాలు, మిషను ఆపేసి కూర్చునేది. పనివాళ్లు ఒంట్లో బాగోలేదేమో అనుకున్నారు. ఎనిమిది వందల భుజాలు. ఆ చల్లదనం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

నెల మారింది. అధికారిణి ఫోను చేసింది. "రేపు బుధవారం మీరు రావాలి. కొత్తవాళ్లు ముప్ఫై మంది దాకా వస్తున్నారు. మీరెలా గెలిచారో మీ నోటితో చెప్పాలి." రాలేనని చెప్పడానికి కారణం వెతుక్కుంది, దొరకలేదు. వెళ్లింది.

"ఈవిడ ఈ కుర్చీల్లోనే కూర్చుని నేర్చుకుంది. ఒక షరతునే మార్పించింది" అంటూ అధికారిణి పరిచయం చేస్తుంటే, కోట్లమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. మొదలుపెట్టాక మాటలు వాటంతటవే వచ్చాయి. టెండరు కాగితం ఎంత లావుంటే అంత నిదానంగా చదవమంది. ప్రతి పేజీ మీదా సంతకం పెట్టమంది. రెండు కవర్లు వేరువేరుగా పెట్టి, సీలు వేసేముందు ఇంట్లో ఇంకొకరికి చూపించమంది. పని దక్కాలని ధర మరీ తెగ్గోయొద్దు, తర్వాత ఏడవాల్సింది మీరేనంది. ముప్ఫై మందీ తలలు వంచి రాసుకుంటున్నారు. వాళ్లు రాసుకునే కొద్దీ ఆమె చెవులు కాలిపోతున్నాయి.

పార్కు బెంచీలు చేసే వడ్రంగి ఒకాయన చెయ్యెత్తాడు. "అక్కా, నమూనా అంటే ప్రాణం పెట్టి చేస్తాం. సరుకంతా అలాగే ఇవ్వాలంటే మాలాంటివాళ్లకు కుదురుతుందా? మీరెలా ఇచ్చారు?"

ఆమె బల్ల అంచు మీంచి చెయ్యి తీసింది. ఎవరో దగ్గారు.

"ఇవ్వలేదు" అంది.

వడ్రంగికి అర్థం కాలేదు. "అంటే?"

"టేపు వేసినవి పదే. ఆ పదీ పైన పెట్టాను. మిగతావాటికి గమ్ము పూశాను. కారతాయని నాకు ముందే తెలుసు. వేసుకుని చూశాను."

గదిలో పెన్నులు ఆగిపోయాయి. అధికారిణి తల మీద కళ్లజోడు కిందికి లాగి పెట్టుకుని, ఆమెను కొత్తగా చూస్తున్నట్టు చూసింది. "ఇవాళ్టికి ఇంతే. వచ్చే నెల రండి" అని అందరినీ పంపేసింది.

తన గదిలోకి వెళ్లాక కూడా కూర్చోమనలేదు. "ఒక్క ఉత్తరం రాస్తే గడువు ఇచ్చేదాన్ని కదా. అడగడానికి నామోషీ అనిపించింది, ఇలా చేయడానికి అనిపించలేదా?"

అధికారిణి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"చిన్నవాళ్లను నమ్ముదామని నేను పై వాళ్లతో పోట్లాడాను. రేపు నా మొహం ఎలా చూపించాలి?" ఆ గొంతులో కోపం కంటే సిగ్గు ఎక్కువగా వినిపించింది. తన సిగ్గు ఇంకొకరికి కూడా అంటుకుందని కోట్లమ్మకు అప్పుడు తెలిసింది. ఏడుద్దామన్నా ఆ గదిలో ఏడ్చే హక్కు తనకు లేదనిపించింది.

డిపాజిట్టు జప్తు చేశారు. మూడు వారాల్లో అన్ని కోట్లూ బాగుచేసి ఇవ్వమన్నారు. రెండేళ్లపాటు టెండరు వేయకూడదన్నారు. ఇంటికి వచ్చి అంతా చెబితే భర్త కత్తెర బల్ల మీద పెట్టి, "నాక్కూడా ఆగిందనే చెప్పావే" అన్నాడు. ఆ ఒక్క మాటే. రెండు రోజులు పలకలేదు. మూడో రోజు తనే తమ్ముడి దగ్గరకు వెళ్లి, అప్పటికి వచ్చిన కొత్త రోలరు బిగించడానికి సాయం పట్టాడు.

కోట్లు వెనక్కి తీసుకోవడానికి మనుషుల్ని పంపుతామని ఆఫీసువాళ్లన్నా, ఆమె ఒప్పుకోలేదు. ఊడ్చేవాళ్లు హాజరు వేయించుకునే ఒక్కో షెడ్డుకూ తనే సంచులు పట్టుకుని వెళ్లింది. వరసగా వచ్చి కోట్లు పడేసి పోయారు. కొందరు ఆమె వైపే చూడలేదు. ఒకామె మాత్రం, "మా ఆయనకు వారం రోజులు జ్వరం. ఇది వేసుకుని తడిసే" అని నెమ్మదిగా చెప్పి వెళ్లింది. తిట్టినా బాగుండేది.

పిన్ని చివర్లో వచ్చింది. కోటు ఉతికి, ఆరేసి, మడత పెట్టి తెచ్చింది.

"ఇదిగోండి" అంది.

కోట్లమ్మ చెయ్యి ఆగిపోయింది. ఏమ్మాయ్ తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషి. "పిన్నీ, నేను..."

"మీ పని మీరు చూసుకోండమ్మా. నాకు ఇంకా రెండు వీధులున్నాయి" అని పిన్ని చీపురు తీసుకుంది.

పంతొమ్మిదో రోజుకు ఎనిమిది వందలకూ టేపు పడింది. ఈసారి కట్టకొకటి చొప్పున విప్పి నీళ్లు పోయించి మరీ ఇచ్చింది. వానలు ఇంకా ఉన్నాయి. ఎవరూ తడవలేదు. ఎవరూ ఆమెతో ఆ మాట అనలేదు కూడా. పిన్ని ఎదురుపడితే తల ఊపేది, "బాగున్నారా" అనేది. అంతకు మించి ఆగేది కాదు. ఇస్త్రీ పెద్దాయన ఆ పేరుతో పిలవడం మానేశాడు. జాలితో మానేశాడని తెలుసు కనుక, అది మరింత గుచ్చుకునేది. ఇద్దరు పనివాళ్లు వేరేచోటికి వెళ్లిపోయారు. ఆమె మళ్లీ కొట్లవాళ్ల గడపలు తొక్కింది.

రెండేళ్లు గడిచాక ఒక మొదటి బుధవారం వెళ్లి వెనక వరసలో కూర్చుంది. అధికారిణి ఆమెను చూసింది, పలకరించలేదు. అందరికీ ఇచ్చినట్టే ఒక కాగితాల కట్ట ఆమెకూ ఇచ్చింది. అందులో ఒక కొత్త షరతు ఉంది. సరుకు అప్పజెప్పేటప్పుడు ఏ కట్టలో ఏది విప్పాలో గిడ్డంగి గుమస్తాయే ఎంచుకుంటాడు. ముందు వరసలో ఎవరో, "ఇదెందుకండీ, మా మీద అనుమానమా?" అని నవ్వుతూ అడిగారు.

"అనుభవం" అంది అధికారిణి. వెనక వరస వైపు చూడలేదు.

కోట్లమ్మ తల వంచుకుని ఆ షరతు తన పుస్తకంలో రాసుకుంది. ఆ నెలలో వంటశాలల పనివాళ్లకు ఏప్రన్లు కుట్టే టెండరు పడింది, వేసింది. ధరల్లో ఆమెది మూడోది. పని దక్కలేదు. తర్వాతి నెల కూడా వెళ్లింది.