ఎడమ భుజం మీది ఎస్.ఎల్.ఆర్.

కరోనా తగ్గి క్యాంపస్ హాస్టళ్లు మళ్లీ నిండిన ఏడాది, జూలైలో, నన్ను హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో క్యాడెట్లకు శిక్షణ ఇచ్చే యూనిట్‌కు పంపారు. అప్పుడు నేను హవల్దార్ని. డ్రిల్లు వేరే ఇన్‌స్ట్రక్టర్లు చూసుకునేవారు, ఆయుధ శిక్షణ నాది. సైన్యంలో ఆయుధం నేర్పేవాణ్ణి ఉస్తాద్ అంటారు. క్యాడెట్లు కూడా నన్ను అలాగే పిలిచేవారు. కడప నుంచి భార్యను తీసుకొచ్చి తార్నాకలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాను. మాబోటి వాళ్లకు నలభైల్లోనే రిటైర్మెంట్ వస్తుంది. నేను ఆ యూనిట్ నుంచే ఇంటికొచ్చాను.

నేను వచ్చేసిన తర్వాత క్యాంపస్‌లో నా పేరు మీద ఒక కథ స్థిరపడిపోయింది. బోల్ట్ యాక్షన్ రైఫిల్ కంటే సెమీ ఆటోమేటిక్ కచ్చితమైనదని నేను రుజువు చేశాననీ, దాంతోనే మా జట్టు రాష్ట్ర స్థాయి షీల్డు గెలిచిందనీ చెప్పుకుంటున్నారు. షీల్డు గెలిచిన మాట నిజం. మిగతాదంతా సరిచేయవలసిందే.

ముందు ఆ రెండు రైఫిళ్ల సంగతి చెప్పాలి. మా దగ్గర రెండు రకాలుండేవి. రెండింటిలోనూ ఒకే 7.62 తూటా. బోల్ట్ రైఫిల్లో ఒక తూటా కాల్చాక చేత్తో పిడిని పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి వంచాలి. అప్పుడే రెండో తూటా గొట్టంలోకి వస్తుంది. సెమీ ఆటోమేటిక్‌లో ఆ పని పేలిన తూటా గ్యాసే చేస్తుంది. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా వెళ్తుంది, ఖాళీ తొడుగు కుడివైపుకు ఎగిరిపడుతుంది, తర్వాతిది తనంతట తానే ఎక్కుతుంది. మా దగ్గరున్న సెమీ ఆటోమేటిక్ పాత ఎస్.ఎల్.ఆర్., అంటే సెల్ఫ్ లోడింగ్ రైఫిల్.

ఆ చలికాలంలో యూనిట్ల మధ్య రాష్ట్ర స్థాయి కాల్పుల పోటీ ఉంది. వంద మీటర్ల దూరం, పడుకుని కాల్చాలి, తొందరేమీ లేదు. ఐదు తూటాలు ఎంత దగ్గర దగ్గరగా పడ్డాయన్నదే లెక్క. దాన్ని గ్రూపింగ్ అంటారు. రెండు రకాల రైఫిళ్లలో ఏది తీసుకెళ్లినా నిబంధనలు ఒప్పుకుంటాయి. మా కమాండింగ్ ఆఫీసర్ కర్నల్ గారు అందరికీ ఒకే రకం ఉండాలన్నారు. అలాగైతే విడిభాగాలకూ మరమ్మతుకూ తేలిక. రెండూ కాల్చి చూసి ఏది మంచిదో చెప్పమని నాకు ఆజ్ఞ ఇచ్చారు.

నగరం వెలుపల ఉన్న రేంజ్‌లో ఇసుక బస్తాల మీద ఆనించి నేనే కాల్చాను. బోల్ట్ రైఫిల్ ఐదు రంధ్రాలు నా నాలుగు వేళ్ల కింద దాగాయి. ఎస్.ఎల్.ఆర్. రంధ్రాలు మూయడానికి చెయ్యి పూర్తిగా చాపాల్సి వచ్చింది. అది నేను అనుకున్నదే. బోల్ట్ రైఫిల్లో తూటా బయటికి వెళ్లేదాకా ఏదీ కదలదు. ఎస్.ఎల్.ఆర్.లో గొట్టానికి గ్యాస్ సరంజామా వేలాడుతుంది, లోపల పిస్టన్ కదులుతుంది, ట్రిగ్గర్ కూడా బరువు. ఆ సాయంత్రమే కర్నల్ గారితో బోల్ట్ అని చెప్పాను. ఈ రోజు అడిగినా ఇసుక బస్తా మీద బోల్టే మెరుగని చెబుతాను.

జట్టులో నలుగురికి చోటు. ఎంపికలో నిలిచిన వాళ్లలో ఎస్తేరు అనే అమ్మాయి ఉంది. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి, అడిక్‌మెట్‌లో గది తీసుకుని ఎం.ఎస్సీ. ఆఖరి ఏడాది చదువుతోంది. రాష్ట్ర స్థాయి పతకం ఉంటే పోలీసు ఉద్యోగానికి క్రీడాకోటాలో దరఖాస్తు పెట్టవచ్చు. చదువు అయిపోతే క్యాడెట్‌గా ఉండే వీలు లేదు కాబట్టి ఆమెకు అదే చివరి పోటీ. ఊపిరి బిగపట్టడం, ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం ఆమెకు చెప్పనక్కర్లేకుండా వచ్చాయి. తూటాలు మాత్రం టార్గెట్ నిండా చెదిరిపోయేవి.

ఒక రోజు ఆమే చెప్పింది. "ఉస్తాద్, నాకు కుడి కన్ను నిలుస్తలేదు. టార్గెట్ రెండుగ కనబడ్తది. ఎడమ భుజం మీద పెట్టుకుని కాల్చనా?"

పక్కన తూటాలు సర్దుతున్న వినోద్ ఊరుకోలేదు. అతను అంబర్‌పేట్ కుర్రాడు, జట్టులో అందరికంటే బాగా కాల్చేవాడు. "క్యాంటీన్ల దోసె గూడ ఎడమ చేత్తోనే తింటది ఉస్తాద్. రైఫిల్‌ను ఇడుస్తదా?"

"నీ దోసెల కెల్లి తిన్ననారా?" అంది ఎస్తేరు.

నేను నవ్వలేదు. నాకు నేర్పిన ఉస్తాదులు ఎడమచేతి వాటం వాళ్లందర్నీ కుడి భుజానికి మార్చేశారు, నేనూ అదే చేస్తూ వచ్చాను. లైన్‌లో అందరూ ఒకే తీరుగా పడుకుంటే ఉస్తాద్‌కు తప్పు కనిపెట్టడం తేలిక, ప్రమాదం తక్కువ. అలవాటైన ఈ సౌకర్యాన్ని నేను నియమం అనుకున్నాను. ఆమె పట్టుబడితే ఒక్కసారి ఎడమ భుజం మీద బోల్ట్ రైఫిల్ ఇచ్చాను. గ్రూపింగ్ కొంచెమే బాగుపడింది. ఇక చాలన్నాను. ఆమె పేరును జట్టులోంచి తీసి రిజర్వులో పెట్టాను.

ఆ ఆదివారం పొద్దున ఆమె తార్నాకలో మా ఇంటికి వచ్చింది. నా భార్య లక్ష్మి టీ ఇచ్చింది. ఎస్తేరు గ్లాసు ముట్టుకోకుండా వరండాలో బట్టలారేసే కర్ర తెచ్చి, మా హాల్లో నేల మీద బోర్లా పడుకుని దాన్ని ఎడమ భుజానికి ఆనించుకుంది.

"సూడున్రి ఉస్తాద్. బోల్ట్ పిడి కుడి దిక్కున్నది. నా ఎడమ చెయ్యి ట్రిగ్గర్ మీదున్నది. పిడి లాగాల్నంటే గీ చెయ్యి తీసి మీదికెల్లి అటు పెట్టాలె. తల లేస్తది, భుజం లేస్తది. ఒక్కో గోలీకి నేను లేసి మల్ల పండుకున్నట్టే. ఎస్.ఎల్.ఆర్. అయితే చేతులు ఏడియాడనే ఉంటయి."

"ఎస్.ఎల్.ఆర్. గ్రూపింగ్ పెద్దది పాపా. నేనే కాల్చి చూసినా గదా," అన్నాను.

"మీరు రైఫిళ్లను కాల్చి చూసిన్రు. నన్ను ఎస్.ఎల్.ఆర్.తోని ఎన్నడన్న కాల్పిచ్చిన్రా?"

వేడి తొడుగులు కుడివైపు ఎగురుతాయనీ, ఎడమ భుజంతో కాలిస్తే ముఖానికి దగ్గరగా వెళ్తాయనీ, చేతి మీద పడితే కాలుతుందనీ చెప్పాను. ఫుల్ చేతుల చొక్కా, కళ్లద్దాలు పెట్టుకుంటానంది. వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింటున్న లక్ష్మి అప్పుడు కలగజేసుకుంది. "ఆ పిల్ల ఏమన్నా మీ ఆస్తి అడుగుతాండాదా? ఒక్కతూరి కాల్చనీండి. రాకపోతే మీ మాటే గెలుస్తాది గదా!"

నా మాట గెలుస్తుందనే ఒప్పుకున్నాను. అందులో గొప్పతనమేమీ లేదు.

తర్వాతి రేంజ్ రోజున ఆమెను లైన్‌లో కుడి చివర పడుకోబెట్టాను. అక్కడైతే తొడుగులు ఇంకొకరి మీద పడవు. ఎడమ భుజం, ఎస్.ఎల్.ఆర్., ఐదు తూటాలు. ప్రతి తూటాకూ మధ్య ఆమె తల కదలలేదు, మోచేతులు కదలలేదు. వేళ్లు మాత్రమే పనిచేశాయి. టార్గెట్ విప్పి తెచ్చిన వినోద్ దూరం నుంచే అరిచాడు. "ఉస్తాద్, గిదేందో సూడున్రి! నావి గిట్ల పడలే ఎన్నడు!"

ఐదు రంధ్రాలూ నా నాలుగు వేళ్ల కింద దాగాయి. ఇసుక బస్తా మీద బోల్ట్‌తో నేను వేసినంత గ్రూపింగ్‌ను ఆమె బస్తా లేకుండా, పాత ఎస్.ఎల్.ఆర్.తో వేసింది. అదృష్టమేమోనని మళ్లీ కాల్చమన్నాను. అంతే వచ్చింది. రైఫిల్ మార్చి ఇంకో ఎస్.ఎల్.ఆర్. ఇచ్చాను. మళ్లీ అంతే. నాలుగోసారి అడగబోతే వినోద్ చేతులు జోడించాడు. "ఇడువున్రి ఉస్తాద్, పోరి చెయ్యి కాలుతున్నది." ఆమె ముంజేతి మీద చొక్కా బట్ట రెండు చోట్ల నల్లగా కమిలింది. ఎస్తేరు మాత్రం లేవలేదు. "గోలీలది ఇంకో మ్యాగజైన్ ఉన్నదా?" అని అడిగింది.

నేను ఎస్తేరును మళ్లీ జట్టులోకి తీసుకుని, కర్నల్ గారి దగ్గరికి వెళ్లి ఒకరికి ఎస్.ఎల్.ఆర్. అనుమతించమని అడిగాను. ఆయన టార్గెట్లు చూసి సంతోషించి ఒప్పుకుని, మన ఉస్తాద్ ప్రయోగం చేసి కనిపెట్టాడన్నమాట, అన్నారు. కనిపెట్టింది ఎస్తేరని చెప్పడానికి నాకు అవకాశం దొరికింది. నేను సెల్యూట్ చేసి బయటికి వచ్చాను. ఇప్పుడు చెప్పుకుంటున్న కథ ఆ గదిలో పుట్టింది. దానికి నా మౌనమే కారణం.

పోటీ రోజున మిగతా యూనిట్ల ఉస్తాదులు మమ్మల్ని చూసి బాగానే నవ్వారు. ఒకాయన ఆ ముసలి రైఫిల్‌ను మ్యూజియం నుంచి తెచ్చావా అన్నాడు. ఇంకొకాయన ఎడమ భుజంతో కాల్చడం చెల్లదని అభ్యంతరం పెట్టాడు. నిర్ణేతలు నిబంధనలు తిరగేసి, కుడి భుజమని ఎక్కడా లేదన్నారు. ఆ నిబంధనలు నేను ఉస్తాద్‌నైన రోజే చదివి ఉండాల్సింది.

ఎస్తేరు కుడి చివర పడుకుంది. తూటాల మోతలో ఆమెవి విడిగా వినబడలేదు, కానీ ఒక్కో తొడుగు ఎండలో మెరుస్తూ పైకి లేవడం కనిపించింది. ఐదోది లేచాక ఆమె రైఫిల్ దింపి, చెంపను దాని వెనక చెక్కకే ఆనించుకుని అలాగే ఉండిపోయింది. నిర్ణేతలు టార్గెట్లు కొలిచారు. పోటీలో అతి చిన్న గ్రూపింగ్ ఆమెదే. వ్యక్తిగత స్వర్ణం ఆమెకు వచ్చింది. వినోద్ బోల్ట్‌తో మూడో స్థానంలో నిలిచాడు. షీల్డు మాది. మ్యూజియం మాట అన్న ఉస్తాద్ నడిచి వచ్చి ఆమె రైఫిల్ చేతిలోకి తీసుకుని గొట్టంలోకి చూశాడు. 

తిరుగు ప్రయాణంలో ట్రక్కు తార్నాక చేరేదాకా పిల్లలు గొంతులు పోయేలా అరిచారు. చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే వినోద్ షీల్డు పైకెత్తి బస్సులో వాళ్లకు చూపించాడు. "ఏందన్నా, క్రికెట్టా?" అని బస్సులోంచి ఎవరో అడిగారు. "క్రికెట్ కాదన్నా, గోలీలు! గీ లెఫ్ట్ హ్యాండ్ అక్కనే కొట్టింది!" అని వినోద్ అరిచాడు. బస్సులో వాళ్లు కిటికీల్లోంచి చేతులు ఊపారు. నా ఉద్యోగంలో అంతకంటే మంచి సాయంత్రం లేదు.

సన్మాన సభలో శాలువా నాకు కప్పారు. ఎస్తేరు వరుసలో నిలబడి చప్పట్లు కొట్టింది. తర్వాత సభ బయట మెట్ల దగ్గర నేను ఆమెతో, ఈ శాలువా నీది, అన్నాను. "నాకు మెడల్ ఉన్నది గద ఉస్తాద్, శాలువా అక్కకియ్యున్రి. ఆ దినం నా దిక్కు మాట్లాడింది," అంది. నేను అది లక్ష్మికే ఇచ్చాను. కానీ శాలువా ఎస్తేరుదన్నది ఆ సభలో చెప్పాల్సిన మాట, మెట్ల దగ్గర కాదు. ఎస్తేరు ఇప్పుడు పోలీసు శాఖలో ఉంది.

ఇక ఆ పోలిక ఏం నేర్పింది? ఇసుక బస్తా మీద కొలిచినప్పుడు మనకు తెలిసేది రైఫిల్ ఒక్కదాని సంగతి. అందులో బోల్ట్ గెలుస్తుంది. మనిషి భుజం మీద పెట్టాక కొలిచేది మనిషినీ రైఫిల్‌నూ కలిపి. అందులో ఏది గెలుస్తుందో ఆ మనిషి కాల్చిన తర్వాతే చెప్పాలి. నేను మొదటి కొలత తీసి, దాన్ని రెండో ప్రశ్నకు జవాబుగా ఇచ్చాను. రెండో కొలత తీయించింది ఎస్తేరు.