మిల్లు శ్రుతిలో ఎనిమిది పాటలు

ఆ రోజుల్లో నాకు రాని విద్య లేదు. మూడు నెలల కంప్యూటర్ కోచింగ్ ముగించి సారపాక పేపరు మిల్లులో కాంట్రాక్టు కింద చేరినవాడికి ఆపాటి నమ్మకం లేకపోతే ఏం మర్యాద? ఆ నమ్మకానికి బలైపోయినవాడు మా పక్క క్వార్టర్ రాగాల మామ. (ఆ పేరు పెట్టింది మిల్లువాళ్ళే, మెచ్చుకోలుగా మాత్రం కాదు.) మామ పాటలు తనే కట్టి తనే పాడేవాడు. టిఫిన్ క్యారియర్ మీద ఒకటి, అత్త అలక మీద రెండు, "జామాయిలు లారీ వెనక నా సైకిలు, దుమ్మంత నాదేరా, దారంత దానిదే" అని ఇంకొకటి. ఆ లారీ పాట విన్న రోజు నాకు ఒళ్ళు పులకరించింది. అంత నిజమైన పాట ఇప్పటికీ వినలేదు. చర్చి క్వయరువాళ్ళు మాత్రం, కీబోర్డు ఒక శ్రుతిలో ఉంటే మామ ఇంకో శ్రుతిలో ఎత్తుకుంటాడని, "అన్నా, నువ్వు ఆమెన్ చెప్పు సాలు" అని కూర్చోబెట్టేశారు.

నెలాఖరుకు మామ రిటైర్మెంటు. క్వార్టర్ ఖాళీ చేసి సత్తుపల్లిలో కూతురి దగ్గరికి వెళ్ళాలి. "పోయేలోపల నా ఎనిమిది పాటలు ఆల్బమ్ చెయ్యి అల్లుడా. నేను పోయినంక గీ మిల్లుల నన్నెవరు యాదిజేస్తరు?" అన్నాడు. తలుపుకు బొంత కట్టి, నా ఫోనును స్టీలు గ్లాసులో నిలబెట్టి, మామ క్యారియర్ మూత మీద దరువేసుకుంటుండగా రెండు ఆదివారాల్లో రికార్డు చేశాం. తీరా వింటే ప్రతి పాట వెనకా మిల్లు హోరు! నాకు తల కొట్టేసినట్టయింది. చప్పుడు తీసేసే సాఫ్ట్‌వేర్ ఒకటి సంపాదించి ఎనిమిదింటినీ కడిగి ఆరేశాను. కడిగినవాటిని పాతవాటి మీదే సేవ్ చేశాను. (కోచింగ్‌లో ఆ పాఠం చెప్పిన రోజు నాకు జ్వరం.)

మామ మొదటి పాట సగం విని ఫోను కింద పెట్టాడు. "ఎవడిది గీ గొంతు? బాయిల పడ్డోడు పిలుస్తున్నట్టున్నది." నేను తగ్గుతానా? వచ్చే వారం మిల్లు షట్‌డౌన్, ఏడాదికోసారి మెషిన్లన్నీ ఆపి మరమ్మతు చేస్తారు, ఆ నిశ్శబ్దంలో స్టూడియోలో పాడినట్టే వస్తుందన్నాను. మిల్లు ఆగిన రోజు మామ ఎత్తుకున్నాడు, ఆపాడు, దగ్గాడు, మళ్ళీ ఎత్తుకున్నాడు. ఏళ్ళ తరబడి పాడిన పాట ఆయనకు దొరకలేదు. వంటింట్లోంచి అత్త నవ్వింది. "మిల్లు బందున్నది గదా, ఈయన గొంతెట్ల లేస్తది? అది గుయ్యిమంటుంటే దాన్ని పట్టుకునే పాడతడు. నీకు తెల్వదా?"

నాకు తెలియదు. నేను కడిగి పారబోసింది మామ శ్రుతిపెట్టెను. చర్చిలోనూ ఆయన తప్పేమీ లేదు, కీబోర్డును వదిలి మిల్లుతో కలిసి పాడాడు, అంతే. సిగ్గుతో చచ్చిపోయాను. షట్‌డౌన్ ముగిసేలోపు మామ వెళ్ళిపోతే ఆల్బమ్ ఇక లేనట్టే.

మిల్లు మళ్ళీ కదిలింది సరిగ్గా మామ వెళ్ళే రోజు పొద్దున. సామాను ఆటోలోకి ఎక్కుతుంటే, ఖాళీ గదిలో నేల మీద కూర్చుని ఎనిమిది పాటలూ ఏకబిగిన పాడాడు. (ఐదో పాటలో అత్త "ఆటో ఆయన ఒర్లుతుండు, జల్దీ!" అనడం స్పష్టంగా వినిపిస్తుంది.) ఎంత బాగా పాడాడో! నేను కళ్ళు తుడుచుకుంటూ, రికార్డింగు ఆపడం కూడా మరిచి, ఆయన్ని సాగనంపడానికి బయటికి నడిచాను. ఫోను కోసం తిరిగొచ్చేసరికి చివర ఇరవై నిమిషాలు ఉత్త మిల్లు హోరు చేరింది. ఈసారి కత్తెర పట్టడానికి ధైర్యం చాలలేదు. ఆ తోకతో సహా ఆల్బమ్‌ను మెమరీ కార్డులో వేసి మామకు పంపాను, ఇక్కడ అది బ్లూటూత్‌లో షిఫ్టు షిఫ్టంతా పాకింది.

మొన్న, ఇన్నేళ్ళకు, మామ వాట్సాప్‌లో ఓ కొత్త పాట పంపాడు. సత్తుపల్లి నుంచి వచ్చిన పాటలో వెనక మా మిల్లు! ఆశ్చర్యపోయి ఫోన్ చేశాను. "నువ్వు ఆపుడు మరిచినవ్ జూడు, గా ఇరవై నిమిషాలు పెట్టుకునే పాడుతున్న అల్లుడా. నువ్వు చేసినదాంట్ల గదొక్కటే పనికొచ్చింది" అన్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత మంచి సర్టిఫికెట్ నాకెవరూ ఇవ్వలేదు.