ఎడమ సీటులో మనిషి

ఆ రోజుల్లో నేను అంకెలను నమ్మేదాన్ని. మనుషులను నమ్మలేదని కాదు. వాళ్లు చెప్పింది విని, తల ఊపి, తర్వాత వెళ్లి అంకె చూసుకుని వచ్చేదాన్ని. సంగారెడ్డిలో డిప్లొమా పూర్తి చేసి పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక చిన్న కార్ఖానాలో కొత్తగా చేరాను. ప్లాస్టిక్ బకెట్లు, మగ్గులు పోసే ఉక్కు అచ్చులు అక్కడ తయారయ్యేవి. ఆ అచ్చుల కొలతలు తీసి కాగితం మీద రాయడం నా పని. వెంట్రుకలో పదోవంతు తేడా ఉన్నా పట్టుకోగలనని నాకు గట్టి నమ్మకం. (ఇంట్లో అమ్మ బియ్యంలో రాళ్లు ఏరమంటే సగం రాళ్లు వదిలేసేదాన్ని. దానికి పరికరం ఇవ్వలేదు కదా అని నా వాదన.)

కార్ఖానాకు ఒక పికప్ ఉండేది. మూతపడిన ఏదో కంపెనీ సామాను వేలం వేస్తుంటే మా పెద్దసారు కొన్నాడు. ముందు రెండే సీట్లు, వెనక బరువు వేసే తొట్టి. దానికి క్లచ్ లేదు, గేర్లు అదే మార్చుకుంటుంది. చుట్టుపక్కల అలాంటి బండి ఇంకొకటి లేదు కాబట్టి ఇస్నాపూర్ మెకానిక్కులు దాన్ని చూడటానికే వచ్చేవారు, బాగుచేయడానికి జంకేవారు. దాన్ని నడిపేది చాచా. అరవైకి దగ్గర పడిన మనిషి. ముప్పై ఏళ్లు లారీలు నడిపి, నడుము నొప్పి వల్ల చిన్న బండికి మారాడు. మెడలో తెల్ల రుమాలు, మాటలో తొందర ఉండదు, అబద్ధం అసలే ఉండదు. ఇస్నాపూర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాడు. ఆయన పోయి ఈ నెలకు ఏడాది. అందుకే ఇది ఇప్పుడు రాస్తున్నాను. రాస్తుంటే నవ్వొస్తోంది. నవ్వితే ఆయన ఏమీ అనుకోడు.

ఒకరోజు అచ్చు వేసుకుని సంగారెడ్డి వైపు వెళ్తుంటే బండిలో ఎర్రదీపం వెలిగింది. గేర్ ఆయిల్ మరీ వేడెక్కిందని దాని అర్థం. చాచా బండిని పక్కన ఆపి గంటన్నర చల్లార్చి తీసుకొచ్చాడు. రెండు వారాలకు మళ్లీ అదే జరిగింది. మెకానిక్ వచ్చి బండి కింద దూరి, లేచి, చేతులు తుడుచుకుని, "తొంభై, తొంభై ఐదు డిగ్రీల దాకా ఫికర్ లేదు సార్. నూటపది దాటుడు షురూ అయిందంటే నూనె మాడుతది, గేర్‌బాక్స్ పోతది. ఒక వారం సూసి చెప్పుర్రి" అన్నాడు. పెద్దసారు ఎక్కువ ఆలోచించలేదు. "వారం చూద్దాం. నూటపది దాటితే బండి అమ్మేస్త. కిరాయి ట్రాలీలు బొచ్చెడున్నయ్" అన్నాడు. కిరాయి ట్రాలీలు వాటి డ్రైవర్లతోనే వస్తాయి. అంటే బండి పోతే చాచా కూడా పోతాడు. ఆ వయసులో ఆయనకు ఇంకో బండి ఎవరిస్తారు? చాచా తన గుడ్డ తీసి, శుభ్రంగానే ఉన్న అద్దాన్ని మళ్లీ తుడిచాడు.

వేడి చూసే పని నాకు అప్పజెప్పారు. స్టీరింగ్ కింద అగ్గిపెట్టెంత పరికరం గుచ్చితే గేర్ ఆయిల్ ఎంత వేడిగా ఉందో నా ఫోనులో కనిపిస్తుంది, అదే రాసి పెట్టుకుంటుంది కూడా. అది చాలదని నేను ఒక నోటుబుక్కు, రెండు పెన్నులు పట్టుకుని ఎడమ సీటులో కూర్చున్నాను. అచ్చులను కాల్చి గట్టిపరిచే కార్ఖానా సంగారెడ్డి అవతల ఉంది. రోజూ అక్కడికి ఒక బరువు వెళ్తుంది.

"ఏం సూపిస్తది బేటీ అది?" అన్నాడు చాచా.

"గేర్ ఆయిల్ వేడి చాచా. ఇప్పుడు నలభై మూడు."

"అంటే జరం ఉన్నట్టా, లేనట్టా?"

"ఇంకా రాలే."

"రాకుండనే సూద్దాం. బెల్టు పెట్టుకో."

బండి కదిలింది. కదిలిందని నోటుబుక్కులో రాయబట్టి సరిపోయింది, లేకపోతే తెలిసేది కాదు. లారీలు హారన్లు కొడుతూ దాటిపోయాయి. బస్సులు దాటిపోయాయి. పాల క్యాన్లు కట్టుకున్న ఒక ముసలి మోపెడ్ మమ్మల్ని దాటింది. దానిమీది పెద్దమనిషి వెనక్కి తిరిగి, ఎవరికైనా బాగోలేదేమో అన్నట్టు జాలిగా చూశాడు. నేను ఇవన్నీ పట్టించుకోలేదు. (గేర్‌బాక్స్ బొమ్మ మూడు రంగుల్లో వేసి పరీక్షలో మార్కులు తెచ్చుకున్నదాన్ని. బండి నడపడం మాత్రం రాదు. చాచా ఎప్పుడూ ఇలాగే నడుపుతాడేమో అనుకున్నాను.) ఇస్నాపూర్ దాటేసరికి తొంభై ఏడు. సంగారెడ్డి చేరేసరికి నూట పద్దెనిమిది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మొదటిరోజే ఒక ఘనమైన అంకె దొరికింది! "నూట పద్దెనిమిది చాచా!" అని అరిచాను. చాచా మొహం చూశాక, ఆ అంకె ఎవరి అన్నం మీద పడుతుందో గుర్తొచ్చింది.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. కారణం పట్టుకుంటే చాచాను గట్టెక్కించవచ్చు. మర్నాటి నుంచి రోజుకొక్కటి మార్చి చూశాను. ఒకరోజు ఏసీ ఆపించాను. ఇద్దరం చెమటతో తడిశాం, నూట పదహారు వచ్చింది. ఒకరోజు ఎండెక్కకముందే బయలుదేరదీశాను, నూట పదిహేడు. ఒకరోజు టైర్లలో గాలి కొలిపించాను, ఒకరోజు తేలికైన అచ్చు వేయించాను. నేను ఏం చెప్పినా చాచా "అట్లనే బేటీ" అని చేసేవాడు. అంకె మాత్రం నూటపదికి దిగలేదు. నేను ఎంత దిగులుగా రాస్తే ఆయన అంత జాగ్రత్తగా నడిపేవాడు. బండి కుదిపితే నా రాత వంకర పోతుందని గుంతకు ఇరవై అడుగుల ముందే నెమ్మది చేసేవాడు.

ఐదోరోజు సంగారెడ్డి అవతల కార్ఖానాలో దిగాక చూసుకుంటే, అచ్చు తాలూకు ఒక ముక్క పటాన్‌చెరులోనే మరిచిపోయాం. నన్ను అక్కడే కూర్చోబెట్టి చాచా వెనక్కి వెళ్లాడు. నేను ఆయన రావడానికి మూడు గంటలు పడుతుందని లెక్కవేసి, వాళ్లిచ్చిన టీ తాగి కూర్చున్నాను. గంటన్నరలో వచ్చేశాడు. నా ఫోను చార్జింగు పెట్టి బండిలోనే వదిలేశానని అప్పుడు చూసుకున్నాను. పరికరం దాని పని అది చేసుకుపోయింది. పోనూ రానూ పెద్ద అంకె తొంభై రెండు.

ముందు పరికరం చెడిందనుకున్నాను. ఊడదీసి మళ్లీ గుచ్చాను. అంకె మారలేదు.

"చాచా, నేను లేనప్పుడు ఎట్ల నడిపినవ్?"

"మామూలుగనే."

"మామూలుగ అంటే?"

చాచా రుమాలు సర్దుకున్నాడు. దొంగతనం బయటపడ్డ మనిషిలా నేల చూశాడు. "ఒక్కన్నే ఉంటే ఈ ఎడమ కాలు మడిచి సీటు మీద పెట్టుకుంట బేటీ. ముప్పై ఏండ్లు క్లచ్ తొక్కిన కాలు. దీంట్ల దానికి పని లేదు. ఊకె కింద పెడితే పరేషాన్ అయితది."

"మరి నేనున్నప్పుడు?"

"మనిషి పక్కన కూసున్నంక కాలు మడుచుకొని కూసుంటరా? బేఅద్బీ కాదా, మర్యాద తప్పినట్టు? కింద పెడత."

"కింద ఎక్కడ?"

"బ్రేకు మీద" అన్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది. కుడికాలు బండిని ముందుకు తోస్తుంటే, ఎడమకాలు మర్యాదగా, నెమ్మదిగా, దారి పొడవునా బ్రేకును అదిమి పట్టుకుని ఉంది. ఆ రెండు కాళ్ల మధ్య నలిగింది గేర్ ఆయిల్. "ఎర్రదీపం వెలిగిన రోజు బండిల ఎవరున్నరు చాచా?" అని అడిగాను. "అమ్మగారు" అన్నాడు. పెద్దసారు భార్య. రెండోసారి? "ఆమెనే. సంగారెడ్డిల ఆఫీసు పని ఉండె." ఐదు రోజులుగా ఎండను, టైరును, ఏసీని అనుమానించాను. అనుమానించనిది ఒక్క నన్నే.

తిరుగు ప్రయాణంలో ఎడమ కాలు మడుచుకొమ్మని బతిమాలాను. "నేను లేననుకో చాచా" అన్నాను.

"ఉన్నదాన్ని లేదని ఎట్ల అనుకుంట బేటీ?"

"కండ్లు మూసుకుంట."

"నువ్వు మూసుకుంటివి. నాకు కనవడుతలేవా?"

సరే అని ఒకసారి మడిచాడు. కిలోమీటరు పోకముందే ముందర ఆటో ఆగింది. కాలు దానంతటదే దిగిపోయింది, మళ్లీ పైకి రాలేదు. ఇస్నాపూర్ దగ్గర బండి ఆపి, నా వైపు చూడకుండా, "రెండు కాళ్ల సంగతి సార్‌కు చెప్పకు బేటీ. ముప్పై ఏండ్ల డ్రైవరుకు బ్రేకు తొక్కరాదంటరు. నౌకరీ పోతె పోనీ, ఆ మాట మాత్రం వద్దు" అన్నాడు. నేను చెప్పనని మాటిచ్చాను. ఆయన నౌకరీని, ఆయన పేరును రెండూ ఒకేసారి ఎలా కాపాడాలో మాత్రం తెలియలేదు. చివరికి కాగితం మీద రెండే వాక్యాలు రాశాను: ఎడమ సీటులో మనిషి ఉంటే నూట పద్దెనిమిది. ఎడమ సీటు ఖాళీగా ఉంటే తొంభై రెండు.

పెద్దసారు కాగితాన్ని రెండుసార్లు చదివాడు. "ఏందమ్మా ఇది? ఎనిమిది వందల కిలోల అచ్చు ఎక్కితే ఏం కాదు, యాభై కిలోల నువ్వు ఎక్కితే వేడెక్కుతదా?"

"అంకెలు అట్లనే ఉన్నయ్ సార్."

"నేను కూసుండి చూస్త రేపు."

"వద్దు సార్! మీరు కూసుంటే ఇంకా ఎక్కువ అయితది."

పెద్దసారు తన పొట్ట వైపు చూసుకున్నాడు. "నేను గంత లావుగున్ననా?"

"బరువు కాదు సార్."

"మరేంది?"

"సీటు సంగతి సార్" అన్నాను. నా జీవితంలో అంతకంటే తెలివితక్కువ సాంకేతిక వివరణ నేను ఇవ్వలేదు. "రెండుసార్లు దీపం వెలిగినప్పుడు అమ్మగారు ఉన్నరు సార్."

ఆయన కిటికీలోంచి చూశాడు. బయట చాచా బండి పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, చెట్టు నీడ రెండడుగుల్లో ఉన్నా ఎండలోనే. పెద్దసారు చాలాసేపు అటే చూశాడు. ఆయనకు అర్థమైందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మరో మూడు రోజులు చాచాను ఒంటరిగా తిప్పి అంకెలు చూశాడు. తొంభై ఒకటి, తొంభై రెండు, తొంభై. "ఇగ ఆ సీటుల ఎవ్వరు కూసోవద్దు. అమ్మగారు గూడ" అన్నాడు. పెయింటరును పిలిపించి ఎడమ తలుపు మీద ఆ మాటే రాయించాడు. బండి మిగిలింది, చాచా మిగిలాడు. కార్ఖానాలో అందరూ నన్ను ఒక వారం 'సీటు ఇంజనీరు' అని పిలిచారు.

ఆ తర్వాత కొలతల పని మీద సంగారెడ్డి వెళ్లాలంటే అచ్చు చాచా బండిలో, నేను బస్సులో. ఒక వానాకాలం పొద్దున ఇస్నాపూర్ స్టాపులో గొడుగు లేకుండా నిలబడి ఉన్నాను. పికప్ వచ్చి ముందు ఆగింది. చాచా దిగి, తడుస్తూ చుట్టూ తిరిగి వచ్చి, ఆ రాత ఉన్న తలుపే తీసి పట్టుకున్నాడు.

"ఎక్కు బేటీ."

"వద్దు చాచా, వేడెక్కుతది."

"ఎక్కనీయ్. ఆడపిల్లను వానల నిలబెట్టి నేను ఒక్కన్నే పోవాల్నా?"

"నువ్వు పో చాచా. జల్దీ పో. బస్సొస్తుంది."

ఆయన ఇంకొంచెంసేపు తలుపు పట్టుకునే నిలబడ్డాడు. తర్వాత మూశాడు. బస్సు వచ్చింది, ఎక్కాను, చోటు లేక చివర్లో నిలబడ్డాను. వెనక అద్దంలోంచి చూస్తే పికప్ మా వెనకే వస్తోంది. బస్సు ఆగిన ప్రతి స్టాపులో అదీ ఆగింది. కదిలితే అదీ కదిలింది. లారీలు ఇద్దర్నీ దాటిపోతున్నాయి. సంగారెడ్డి దాకా అలాగే వచ్చాడు, దూరం తగ్గనివ్వకుండా, పెరగనివ్వకుండా. బస్సులోంచి ఆయన కాళ్లు కనిపించవు. నేను ఎదురుగా కనిపిస్తున్నంతసేపు ఎడమ కాలు బ్రేకు మీదే ఉండి ఉంటుందని మాత్రం ఇప్పుడు నాకు తెలుసు. నేనేమో తడిబట్టలతో, బండిని నేనే కాపాడుతున్నానన్న గర్వంతో నిలబడి ఉన్నాను. ఆ అమ్మాయి ఇప్పుడు ఎదురైతే చెవి మెలిపెట్టి ఆ బండి ఎక్కించేదాన్ని.